గజం కనిపెట్టి... ఎకరానికి కంచె!

పసుపు మీద పేటెంటా అని ఒకప్పుడు నవ్వుకున్నాం. తర్వాత కోపం తెచ్చుకున్నాం. అసలు సమస్య పసుపు కాదు. చేసిన పని గోరంత అయితే, రాయించుకునే హక్కు కొండంత కావడం! ఆ కొండ మన మందుల డబ్బా మీద, పత్తి విత్తనం సంచి మీద ఎలా కూర్చుంటుందో, దాన్ని దించడానికి ఏం చేయాలో... ఉప్పల్ రోడ్డు, నాచారం చెప్పే కథ ఇది.

నాగోల్‌లో మెట్రో రైలెక్కి తార్నాక వైపు బయల్దేరండి. ఉప్పల్ దాటుతుంది. క్రికెట్ స్టేడియం వస్తుంది. ఆ తర్వాత ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక. పావుగంట ప్రయాణం. దారి పొడవునా చెట్ల చాటున ప్రయోగశాలలు. భూమి పొరల్ని చదివేది ఒకటి. జీవకణాన్ని చదివేది ఒకటి... అదే సీసీఎంబీ. రసాయనాలతో కుస్తీ పట్టేది ఇంకొకటి... ఐఐసీటీ. డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ కూడా మొదట నాచారంలో ఉండి, తర్వాత ఉప్పల్‌కే చేరింది.

హబ్సిగూడ చౌరస్తాలో కుడిచేతి వైపు మళ్లితే నాచారం. ఒకప్పుడు రామకృష్ణా స్టూడియో పేరు చెబితే చాలు, ఆటోవాలా తీసుకెళ్లి దించేవాడు. ఇప్పుడు ఆ పేరుతో పాటు మందుల కంపెనీల పేర్లూ చెప్పాలి. పారిశ్రామికవాడ గేటు దాటితే రియాక్టర్లు, డ్రమ్ములు, గాలిలో ద్రావకాల వాసన.

ఈ రెండు రోడ్ల మీద పనిచేసేవాళ్లకి ఒక ప్రశ్న బాగా తెలుసు. కొత్త మందు తయారీ మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా వేసుకోవాల్సిన ప్రశ్న అది. 'ఈ అణువు మీద ఎవరైనా కంచె వేశారా? వేస్తే ఎంత మేర వేశారు?'

కంచె అనే మాట ఉప్పల్‌కు కొత్తేం కాదు. భూముల హద్దులు కొలవడం నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నది ఇక్కడే. ఇక్కడ గజం స్థలానికి ఎంత విలువుందో, హద్దురాయి ఒక అడుగు జరిగితే ఎంత గొడవవుతుందో ఉప్పల్ వాసులకు చెప్పక్కర్లేదు. పేటెంటు కూడా అలాంటి హద్దురాయే. కాకపోతే అది నేలమీద కాదు, ఆలోచన మీద పాతే రాయి. కనిపించదు. టేపు పెట్టి కొలవడానికి ఉండదు. అందుకే దాన్ని జరపడం తేలిక!

ఆవకాయ లెక్క

పేటెంటు అంటే ప్రభుత్వం, కనిపెట్టినవాడు చేసుకునే ఒప్పందం. 'నువ్వు కనిపెట్టింది దాచకుండా అందరికీ చెప్పు. బదులుగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ల పాటు నీ అనుమతి లేకుండా ఎవరూ దాన్ని చేయకుండా చూస్తాను' అంటుంది ప్రభుత్వం. గడువు తీరాక అది అందరి సొత్తు. చెడ్డ ఒప్పందమేమీ కాదు. కష్టపడ్డవాడికి ఫలితం, లోకానికి విద్య.

తిరకాసంతా 'క్లెయిములు' అనే భాగంలో ఉంటుంది. పేటెంటు పత్రం చివర్లో అంకెలు వేసి రాసే వాక్యాలు అవి. 'ఇదిగో, ఇంతవరకూ నాది' అని చెప్పేది అక్కడే. కోర్టులో నిలిచేదీ అవే.

సరదాకి ఆవకాయ సంగతే తీసుకోండి. మామిడికాయ ముక్కల్ని ఆవపిండి, ఉప్పు, కారం, నూనెలతో ఫలానా పాళ్లలో కలిపి ఊరబెట్టే పద్ధతిని ఒకావిడ మొట్టమొదటిసారి కనిపెట్టిందనుకుందాం. 'ఈ పాళ్లలో చేసే ఆవకాయ నాది' అని ఆమె రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ 'ఏ కాయనైనా, ఏ పిండితోనైనా, ఏ నూనెలోనైనా ఊరబెట్టడం నాదే' అని రాసుకుంటే? మాగాయ పెట్టేవాళ్లు, నిమ్మకాయ పచ్చడి పెట్టేవాళ్లు, రేపెప్పుడో ఉసిరికాయతో కొత్త రుచి కనిపెట్టేవాళ్లు... అందరూ ఆమె గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఆమె చేసింది ఒక్క జాడీ. అడిగింది ఊళ్లో వంటిళ్లన్నీ!

అతి విశాలమైన పేటెంటు అంటే ఇదే.

బల్బు, వెదురు, కోర్టు

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. విద్యుద్దీపాల తొలిరోజుల్లో అమెరికాలో సాయర్, మాన్ అనే ఇద్దరు బొగ్గుగా మార్చిన కాగితాన్ని బల్బులో తీగగా వాడారు. పేటెంటు రాయించుకునేటప్పుడు మాత్రం కాగితంతో సరిపెట్టలేదు. పీచుగల పదార్థం ఏదైనా సరే, నేత పదార్థం ఏదైనా సరే, బొగ్గుగా మార్చి వాడితే అది తమదేనన్నారు.

అవతల ఎడిసన్ బృందం వేలకొద్దీ మొక్కల పీచుల్ని కాల్చి చూసింది. చాలామట్టుకు పనికిరాలేదు. చివరికి ఒక రకం వెదురు దగ్గర ఆగింది. సాయర్, మాన్ హక్కులు చేతికొచ్చిన కంపెనీ 'వెదురు కూడా పీచే కదా, అదీ మాదే' అంటూ కోర్టుకెక్కింది. 1895లో అమెరికా సుప్రీంకోర్టు కుదరదని తేల్చేసింది. ఏ పీచు వెలుగుతుందో, ఏది మాడిపోతుందో మీరు చెప్పలేదు. వెతుక్కునే కష్టం అవతలివాడిది, హక్కు మీదా? తీర్పు సారాంశం అదే.

సరిగ్గా ఆ వెదురు కథనే 2023 మే నెలలో అదే కోర్టు మళ్లీ గుర్తు చేసుకుంది. ఈసారి గొడవ కొలెస్టరాల్ తగ్గించే ప్రతిదేహాల మీద. ఆమ్‌జెన్ కంపెనీ తన పేటెంటులో 26 ప్రతిదేహాల నిర్మాణాన్ని వివరంగా ఇచ్చింది. క్లెయిములో మాత్రం ఫలానా ప్రొటీన్‌కు ఫలానా చోట అతుక్కుని దాన్ని అడ్డుకునే ప్రతిదేహాలన్నీ తనవేనంది. ఎదుటి పక్షం సనోఫీ. న్యాయమూర్తులంతా ఒక్కమాట మీద ఆ క్లెయిముల్ని కొట్టేశారు. ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ నేర్పాలి, అన్నీ మీవే అయితే అన్నీ చేయడమెలాగో చెప్పాలి అన్నది ఆ తీర్పులోని సూత్రం.

ఆ సనోఫీకీ మన ఉప్పల్ రోడ్డుకీ ఒక బంధుత్వం ఉంది. 2009లో అది కొన్న హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్. ఆ కథ వింటే కంచెల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

సీసీఎంబీ నీడలో...

కె.ఐ.వరప్రసాద్‌రెడ్డిది నెల్లూరు జిల్లా. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు. జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్లినప్పుడు హెపటైటిస్-బి గురించి, దానికి మనవాళ్లు టీకా కొనుక్కోలేకపోవడం గురించి విని చిన్నబోయానని ఆయన చాలాసార్లు చెప్పారు. విదేశీ కంపెనీని సాంకేతికత అడిగితే కుదరదన్నారట. ఆ పట్టుదలతో 1993లో తల్లి శాంతమ్మ పేరుతో కంపెనీ పెట్టారు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో చోటు దొరికింది. 1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' బజారులోకి వచ్చింది. జన్యు ఇంజినీరింగుతో దేశంలోనే తయారైన మొదటి టీకా అది. అప్పటిదాకా దిగుమతి టీకా డోసు ఏడెనిమిది వందల రూపాయల మాట. మనది అందులో చిన్న వంతుకే దొరికింది. మిగతా కంపెనీలూ రంగంలోకి దిగాక ఇంకా తగ్గింది.

ఇందులో పేటెంటు మాట ఎక్కడొచ్చింది?

హెపటైటిస్-బి వైరస్ ప్రొటీన్‌ను జన్యు ఇంజినీరింగుతో తయారు చేయడం మీద బయోజెన్ అనే కంపెనీ 1970ల చివర్లోనే పేటెంటు దరఖాస్తులు పెట్టింది. ఎడిన్‌బరోలో కెన్నెత్ మర్రే బృందం బ్యాక్టీరియాలో చేసిన ప్రయోగం దానికి ఆధారం. కష్టమైన పనే. గొప్ప పనే. కానీ క్లెయిములు బ్యాక్టీరియా దగ్గర ఆగలేదు. వైరస్ యాంటిజెన్‌ను తయారుచేసే పునస్సంయోజక డీఎన్ఏ ఏదైనా సరే, ఏ కణంలో చేసినా సరే, ఏ దారిలో చేసినా సరే... అంత వెడల్పు!

బ్రిటన్‌లో మెడెవా అనే కంపెనీ వేరే దారిలో, క్షీరదాల కణాల్లో టీకా చేయబోతే బయోజెన్ అడ్డుపడింది. 1996 అక్టోబరు 31న హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. లార్డ్ హాఫ్‌మన్ రాసిన ఆ తీర్పును ఇవాళ్టికీ పేటెంటు న్యాయవాదులు బడిపిల్లలు ఎక్కం చదివినట్టు చదువుతారు. 'ఒకచోటికి ఒక దారి చూపించావు. బాగుంది. అంతమాత్రాన ఆ చోటికి వెళ్లే దారులన్నీ నీవి కావు' అన్నది దాని భావం. పేటెంటు చెల్లకుండా పోయింది.

శాంతా శాస్త్రవేత్తలు వాడింది బ్యాక్టీరియా కాదు, క్షీరద కణం కాదు. పికియా అనే ఒక రకం ఈస్టు. మనదేశంలో అప్పటికి లండన్ తీర్పుతో పనిలేదు. ఎందుకంటే 1970 నాటి మన పేటెంటు చట్టమే ఇంకో రక్షణ ఇచ్చింది.

అయ్యంగార్ గీసిన గీత

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకున్నది 1911 నాటి బ్రిటిష్ చట్టం. అందులో మందు మీదే పేటెంటు ఇచ్చేవారు. ఎవరు ఏ దారిలో చేసినా నేరమే. జస్టిస్ ఎన్.రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిని తప్పుపట్టింది. దాని ఆధారంగా 1970లో కొత్త చట్టం చేశారు. 1972 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. ఆహారం, మందుల మీద పేటెంటు ఉండదు, తయారు చేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుంది. అదీ గరిష్ఠంగా ఏడేళ్లు.

ఒక్క గీత... ఎంత తేడా! గమ్యం ఎవరి సొత్తూ కాదు, దారి మాత్రమే కనిపెట్టినవాడిది. కొత్త దారి వేయగలిగిన రసాయన శాస్త్రవేత్తకు పండగే పండగ.

ఆ పండగ బాగా జరిగిన ఇళ్లలో ఐఐసీటీ ఒకటి. 1985 నుంచి 1995 దాకా దాని డైరెక్టరు గుంటూరుకు చెందిన ఎ.వి.రామారావు. ఎయిడ్స్‌కు తొలిమందు జిడోవుడిన్. అమెరికాలో 1987లో అనుమతి వచ్చినప్పుడు ఏడాదికి వేల డాలర్ల ఖర్చు. ఐఐసీటీ దానికి తనదైన పద్ధతి తయారు చేసింది. సిప్లా కంపెనీ దాంతో మందు చేసి 1993లో మనదేశంలో విడుదల చేసింది. అదే సిప్లా 2001లో మూడు మందులు కలిపిన చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటిస్తే ఆఫ్రికా మొత్తం ఊపిరి పీల్చుకుంది.

రామారావు పదవీ విరమణ చేశాక 1995లో అవ్రా లేబొరేటరీస్ స్థాపించారు. ఎక్కడో కాదు, ఐఐసీటీకి కూతవేటు దూరంలోని హబ్సిగూడ, నాచారంలోనే. తర్వాత జీవీకే బయో వచ్చింది. 2021లో ఆరాజెన్‌గా పేరు మార్చుకున్న ఆ కంపెనీ కూడా నాచారం పారిశ్రామికవాడలోనే విదేశీ కంపెనీలకు కొత్త అణువుల పరిశోధన చేసిపెడుతూ ఎదిగింది. అంటే నాచారానికి పేటెంటు ఒకవైపు అడ్డుగోడ, ఇంకోవైపు అన్నం పెట్టే చేయి. ఈ సంగతి మరిచిపోతే కథ సగమే అర్థమవుతుంది.

పసుపు నేర్పిన పాఠం

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు ఇచ్చింది. గాయాలు మానడానికి పసుపు వాడటం మీద! దరఖాస్తు చేసిన ఇద్దరు శాస్త్రవేత్తలూ భారత సంతతి వాళ్లే.

సీసీఎంబీ, ఐఐసీటీలకు మాతృసంస్థ సీఎస్ఐఆర్. అప్పటి డైరెక్టర్ జనరల్ ఆర్.ఎ.మషేల్కర్ పోరాటానికి దిగారు. 'మా అమ్మమ్మకు తెలుసు' అంటే పేటెంటు ఆఫీసు ఒప్పుకోదు. ముద్రించిన సాక్ష్యం కావాలి. సంస్కృత గ్రంథాల నుంచి 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం దాకా 32 ఆధారాలు చూపించారు. 1997 ఆగస్టులో క్లెయిములన్నీ కొట్టేశారు.

అదే ఏడాది బాస్మతి మీద రైస్‌టెక్ అనే టెక్సాస్ కంపెనీకి 20 క్లెయిములతో పేటెంటు దక్కింది. మనవాళ్లు సవాలు చేశాక 2001 నాటికి మిగిలింది అయిదే. పేటెంటు పేరులోంచి బాస్మతి అన్న మాటే తీసేయాల్సి వచ్చింది. వేపనూనెతో శిలీంద్రాల్ని చంపే పద్ధతి మీద ఐరోపా ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చిలో వీగిపోయింది.

గెలిచాం. కానీ ఒక్కొక్క దానికీ ఏళ్లకేళ్లు! ఊళ్లో ప్రతి వేపచెట్టుకీ ఒక లాయర్ని పెట్టగలమా? అందుకే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ యోగాల్ని లక్షల సంఖ్యలో ఇంగ్లిష్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి పేటెంటు పరీక్షకుల ముందు పెట్టే ఏర్పాటు ఇది. ఐరోపా పేటెంటు కార్యాలయం 2009 నుంచి దీన్ని చూస్తోంది. దొంగ పడ్డాక కుక్క మొరిగినట్టు కాకుండా, ముందే తలుపేసుకోవడం అన్నమాట.

మనవాళ్లే అతి చేసిన సందర్భమూ ఉంది. నేరేడు, లవంగపట్ట, చందనం కలిపిన మధుమేహం మందు మీద బెంగళూరు కంపెనీ ఒకటి పేటెంటు తెచ్చుకుంటే, 2012లో కేంద్ర ప్రభుత్వమే చట్టంలోని 66వ సెక్షను కింద ప్రజాప్రయోజనం కోసం రద్దు చేసింది.

మొత్తం పత్తికే ఎసరు

ఆ 66వ సెక్షనును అంతకు ముందు వాడిన సందర్భం తెలుగు రైతుకు మరీ దగ్గరిది. అగ్రసిటస్ అనే అమెరికన్ కంపెనీ పత్తి మొక్కలోకి కొత్త జన్యువు ఎక్కించే ఒక పద్ధతి కనిపెట్టింది. 1992లో అమెరికాలో దానికి దక్కిన పేటెంటు చూసి శాస్త్రలోకం బిత్తరపోయింది. జన్యుమార్పిడి చేసిన పత్తి... ఏ జన్యువైనా, ఏ రకమైనా దాని పరిధిలోకి వచ్చేసింది. మనదేశంలోనూ ఆ కంపెనీకి పేటెంటు దక్కింది. 1994లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. అలా చేయకపోతే గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ చేలల్లో తర్వాత జరిగింది ఇంకోలా ఉండేది.

అయినా జరిగింది తక్కువేం కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల విత్తనం పొట్లం మీద సాంకేతిక రుసుమే రూ.1,250 దాకా పడేది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడే పొట్లం ధరను రూ.750కి దించింది. తర్వాత అదే విత్తనం మీద మోన్‌శాంటోకు, హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కు మధ్య పేటెంటు యుద్ధం. మొక్కలు, విత్తనాలు, వాటి భాగాల మీద పేటెంటు ఉండదన్న నిబంధన మొక్కలో దూర్చిన జన్యువుకూ వర్తిస్తుందా? వర్తిస్తుందని 2018లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి అంది. పూర్తి విచారణ లేకుండా అలా తేల్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు అంది. 2021లో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది!

ఒక్క సూత్రం... కోటి అణువులు

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1 నుంచి మనం కూడా మందు మీదే పేటెంటు ఇవ్వాల్సి వచ్చింది. అయ్యంగార్ గీత చెరిగిపోయింది. దాని బదులు పార్లమెంటు ఇంకో గీత గీసింది. అదే 3(డి) సెక్షను. పాత మందుకే కొత్త రూపం ఇస్తే సరిపోదు, దాని గుణం గణనీయంగా పెరిగినట్టు చూపించాలి.

ఈ గీత మీద జరిగిన పెద్ద పోరులో తెలుగు కంపెనీ ఉంది. రక్త క్యాన్సరుకు వాడే ఇమాటినిబ్‌ను నోవార్టిస్ 'గ్లివెక్' పేరుతో అమ్మేది. నెలకు లక్షా 20 వేల రూపాయల దాకా. హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా అందులో పదో వంతు కన్నా తక్కువకే ఇచ్చింది. నోవార్టిస్ ఆ మందు తాలూకు ఒక స్ఫటిక రూపం మీద పేటెంటు కోరితే 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను ఖాయం చేసింది.

అందరూ 3(డి) గురించే మాట్లాడుకున్నారు కానీ, ఆ తీర్పులో ఇంకో ముఖ్యమైన ముక్క ఉంది. పాత పేటెంటు పరిధిలోకి మా మందు 'వస్తుంది' కానీ, అందులో దాన్ని 'చెప్పలేదు' అని నోవార్టిస్ వాదించింది. పరిధి ఎకరం, చెప్పింది గజం అన్నమాట. ఆ రెంటి మధ్య అంత ఎడం ఉండటానికి వీల్లేదని కోర్టు తేల్చింది.

ఇది ఎందుకంత ముఖ్యం? మందుల పేటెంట్లలో 'మార్కుష్ క్లెయిము' అని ఒకటుంది. 1920లలో దాన్ని వాడిన యూజీన్ మార్కుష్ అనే అమెరికన్ పేరే దానికి స్థిరపడింది. అణువుకు ఒక అస్థిపంజరం గీసి, 'ఇక్కడ ఇదైనా ఉండొచ్చు, అదైనా ఉండొచ్చు' అంటూ జాబితా రాస్తారు. జాబితాలోని వాటిని అటూ ఇటూ మార్చి లెక్కకడితే లక్షలు, కోట్ల అణువులు వస్తాయి. నిజంగా సీసాలో చేసి చూసినవి మాత్రం పదులో, వందలో. ముందు ఇంత పెద్ద వల వేస్తారు. కొన్నేళ్లాగి అందులోంచి ఒక చేపను బయటికి తీసి, దాని మీద ఇంకో పేటెంటు, ఇంకో 20 ఏళ్లు!

2025లో ఇదే గొడవ ఒక పసిపిల్లల జబ్బు దగ్గరికి వచ్చింది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ... కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే జన్యువ్యాధి. దానికి రోష్ కంపెనీ మందు రిస్‌డిప్లామ్ సీసా ధర దాదాపు రూ.6 లక్షల 20 వేలు. నాట్కో తన మందును రూ.15,900కు ఇస్తానంది. పేటెంటు చూపించి ఆపమని రోష్ అడిగితే, ముందటి విశాలమైన పేటెంటును చూస్తే తర్వాతి పేటెంటు చెల్లుబాటు మీదే సందేహం కలుగుతోందంటూ ఢిల్లీ హైకోర్టు మార్చిలో నిరాకరించింది. అక్టోబరు 9న డివిజన్ బెంచి సమర్థించింది. అదే నెల 17న సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. ఇది మధ్యంతర ఉత్తర్వు మీద వచ్చిన నిర్ణయమే, అసలు దావా వేరు. కానీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఆరు లక్షలకీ పదహారు వేలకీ మధ్య ఉన్నది చట్టం తాలూకు సూక్ష్మం కాదు. బిడ్డ మెడ నిలబడుతుందా, లేదా అన్నది!

మరి కనిపెట్టినవాడి గతి?

నాణేనికి రెండో వైపు చూడకపోతే అన్యాయమవుతుంది. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. డబ్బు కోట్లలో పోతుంది. చాలా అణువులు మధ్యలోనే చచ్చిపోతాయి. క్లెయిము మరీ ఇరుగ్గా ఉంటే అవతలివాడు ఒక చిన్న పరమాణువు మార్చి 'నాది వేరే' అంటాడు. తాళం వేశాం కానీ తలుపే లేదన్నట్టుంటుంది. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలు కూడా సొంతంగా అణువులు కనిపెడుతున్నాయి. వాళ్లకీ గట్టి కంచె కావాలి.

కాబట్టి కావాల్సింది కంచె పీకేయడం కాదు. కొలిచి వేయడం.

ఆ కొలత ఎవరు చేయాలి? మొదటి బాధ్యత పేటెంటు పరీక్షకుడిది. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళతాయి. 2023-24లో దేశంలో లక్షకు పైగా పేటెంట్లు ఇచ్చారు. వేగం మంచిదే. కానీ ఒక్కో దరఖాస్తు వందల పేజీలుంటుంది. కోటి అణువుల క్లెయిమును గడియారం చూసుకుంటూ పరీక్షిస్తే జారిపోయేవి జారిపోతాయి. ఒకసారి ఇచ్చిన పేటెంటును కోర్టులో కొట్టించడం చిన్న కంపెనీ తరమా?

అందుకే మన చట్టంలోని 25వ సెక్షను బంగారం లాంటిది. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కంపెనీయే కానక్కర్లేదు. రోగుల సంఘమైనా సరే. గ్లివెక్ కేసులో క్యాన్సర్ రోగుల సంఘం చేసింది అదే. 2024 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు ఈ అభ్యంతరాలకు రుసుము పెట్టాయి. అభ్యంతరం విచారణకు నిలుస్తుందా లేదా అని ముందే వడపోసే అధికారం కంట్రోలరుకు ఇచ్చాయి. పేటెంటును దేశంలో వాడుతున్నారా లేదా అని ఏటా చెప్పాల్సిన లెక్కను మూడేళ్లకోసారి చేశాయి. ఊరికే అడ్డుపడేవాళ్లను ఆపడానికేనని ప్రభుత్వం అంటోంది. ఉన్న ఒక్క కిటికీకీ చువ్వలు పెడుతున్నారని రోగుల తరఫున మాట్లాడేవాళ్లు అంటున్నారు. పైగా పేటెంటు అప్పీళ్ల కోసం చెన్నై కేంద్రంగా ఉన్న బోర్డును 2021లో ఎత్తేశారు. ఆ కేసులన్నీ ఇప్పుడు హైకోర్టుల నెత్తినే.

సంస్కరణ కోరేవాళ్ల మాటలన్నీ కుప్పపోస్తే నాలుగు కనిపిస్తాయి. చేసి చూపించిన మేరకే క్లెయిము ఒప్పుకోవడం. ఒక ఆవిష్కరణకు ఒకే పేటెంటు అన్న సూత్రాన్ని పరీక్ష దశలోనే గట్టిగా పాటించడం. పరీక్షకులకు తగినంత సమయం, శిక్షణ ఇవ్వడం. అభ్యంతరాల్ని చౌకగా, త్వరగా తేల్చడం. మన చట్టంలోని 10వ సెక్షను మొదటిదాన్ని ఎప్పుడో చెప్పింది. క్లెయిములు స్పష్టంగా ఉండాలి, పత్రంలో వెల్లడించిన విషయం మీదే న్యాయంగా ఆధారపడాలి అని. చట్టంలో ఉన్న మాటను ఆఫీసులో అమలు చేయడమే కొన్నిసార్లు పెద్ద సంస్కరణ!

మీరూ చదవొచ్చు!

పేటెంటు పత్రం చూసి భయపడక్కర్లేదు. మొదట క్లెయిము-1 చూడండి. 'ఏదైనా', 'ఎటువంటిదైనా', 'వీటిలో ఒకటి' లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత వెనక్కి వెళ్లి ఉదాహరణలు చూడండి. నిజంగా చేసి చూసినవి ఎన్ని? ఆ రెండు అంకెల మధ్య దూరమే కంచె వెడల్పు. దరఖాస్తులు దాదాపు 18 నెలల తర్వాత అందరికీ బహిరంగమే. పేటెంటు ఇచ్చాక కూడా, ఆ ప్రకటన వెలువడిన ఏడాదిలోగా ప్రయోజనం ఉన్నవాళ్లు వ్యతిరేకించవచ్చు. పేటెంటు ఉన్న వస్తువు మీద పరిశోధన చేసుకోవడానికీ, గడువు తీరాక అమ్మేందుకు ముందుగా అనుమతులు తెచ్చుకోవడానికీ చట్టం అడ్డుచెప్పదు.

సాయంత్రం నాచారంలో షిఫ్టు మారుతుంది. ఒక గుంపు టిఫిన్ డబ్బాలతో బయటికి, ఇంకో గుంపు లోపలికి. ఈఎస్ఐ ఆసుపత్రి వైపు ఆటోలు బారులు తీరతాయి. ఆ ఆసుపత్రి మందుల కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకు మార్కుష్ ఎవరో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. చీటీ మీద రాసిన మందు తమకు అందే ధరలో ఉందా, లేదా... అంతే. ఆ జవాబు మాత్రం చాలాకాలం కిందట, ఎక్కడో ఒక కాగితం మీద, ఎవరో ఒకరు 'ఇంతవరకూ నాది' అని గీసుకున్న గీతలో ఉంటుంది. ఆ గీతను గజం దగ్గర ఆపారా, ఎకరం దాకా సాగనిచ్చారా అన్నదే లెక్క!